పాడుబడిన నాపరాతి గనిలో నీళ్లు, దిబ్బల మీద మేత: సాధ్యమేనా?

బీడుగట్టు (ప్రశ్న):
మాది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల ప్రాంతం. మా ఊరి పక్కన నాపరాళ్లు తీసి వదిలేసిన గని గుంత ఒకటి ఉంది. పైభాగం సుమారు ఒక ఎకరం, లోతు నలభై అడుగుల దాకా ఉంటుంది. పనికిరాని రాతి ముక్కలు, మట్టి కలిపి పోసిన దిబ్బలు చుట్టూ ఇంకో మూడెకరాలు ఆక్రమించాయి. ఒకప్పుడు అదంతా మా గొర్రెలు మేసిన బీడే. నిరుడు ఎండాకాలంలో దాహానికి అంచు దాకా వెళ్లిన మందలో రెండు గొర్రెలు జారి లోపల పడిపోయాయి. గుత్తేదారు ఎప్పుడో వెళ్లిపోయాడు. ఈ గుంతను రెండు వందల గొర్రెలకు తాగునీటి కుంటగానూ, దిబ్బలను మేత భూమిగానూ మార్చుకోవడానికి వీలుంటుందా?

రేగడి:
నేను వాటర్‌షెడ్ పనుల్లో చాలా కాలం ఉన్నాను. ముందు ఆ గుంత నీటిని నిలుపుతుందో లేదో తేల్చుకోండి. మీది సున్నపురాయి నేల. బెలుం గుహలు మీ మండలంలోనే ఉన్నాయి కదా, మూడు కిలోమీటర్లకు పైగా సాగిన ఆ గుహలను తొలిచింది నీరే. అటువంటి రాతిలో పగుళ్ల వెంట నీరు ఎటు పోతుందో పైనుంచి చూసి చెప్పలేము. వానలు ఆగాక డిసెంబరులో అంగుళాల గీతలు గీసిన గడకర్రను నీటిలో పాతి, నెల రోజులు మట్టం రాసుకోండి. ఆ కాలంలో రోజుకు అర సెంటీమీటరు అటూ ఇటూ తగ్గితే అది ఆవిరయ్యేదే. వేలెడు మందాన తగ్గుతుంటే నీరు కిందికి దిగిపోతున్నట్టే. అప్పుడు ఆ గుంత కుంటగా పనికిరాకపోయినా చుట్టుపక్కల బావులకు ఊటనిస్తుంది. కాబట్టి ఊరి చెత్త, పాత యంత్రాల నూనె అందులో పడకుండా చూడడం మరీ అవసరం.

నీరు నిలిచే పక్షంలో లెక్క ఇలా ఉంటుంది. గొర్రెకు రోజుకు ఐదు లీటర్ల చొప్పున రెండు వందల గొర్రెలకు ఏడాదికి మూడు లక్షల అరవై ఐదు వేల లీటర్లు కావాలి. ఎకరం విస్తీర్ణంలో ఒక మీటరు నీరంటే దాదాపు 40 లక్షల లీటర్లు. మీ ప్రాంతపు ఎండకు ఏడాదికి ఒకటిన్నర మీటరు ఆవిరైనా 60 లక్షల లీటర్లు పోయినట్టే. మంద తాగేదానికంటే సూర్యుడు తాగేదే పదహారు రెట్లు ఎక్కువ! అందుచేత గుంతను వెడల్పు చేయవద్దు, లోతును పూడ్చవద్దు.

ఓసీ విశ్రాంత ఉద్యోగి:
సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసి విరమించాను. మా ఓబీ దిబ్బలకూ (బొగ్గు పైనున్న మట్టి, రాయి తవ్వి పోసినవి) మీ రాతి దిబ్బలకూ తేడా ఉంది, అయినా ఒక సంగతి రెండింటికీ వర్తిస్తుంది. దిబ్బ వాలు 28 డిగ్రీలు మించకూడదని మాకు షరతు ఉండేది. అంతకంటే నిటారుగా ఉంటే మొదటి వానకే పైమట్టి కొట్టుకుపోతుంది, దానితో విత్తనమూ పోతుంది. జర్మనీలోని నాఖ్టర్‌ష్టెట్‌లో పాత బొగ్గు గనిని సరస్సుగా నింపుతుండగా 2009 జులైలో ఒడ్డు విరిగిపడి ఇళ్లతో సహా ముగ్గురు పోయారు. మీ గని గోడ గట్టి రాయి కనుక భయం గోడతో కాదు, దాని అంచున పోసిన వదులు దిబ్బతో. దానిని ముందు వెనక్కి జరిపించండి. అలా తీసిన రాళ్లతోనే ఒక పక్క మూడడుగులు నడిస్తే ఒక అడుగు దిగేలా వాలు దారి కట్టి, మిగతా మూడు పక్కలా అదే రాతితో గోడ పేర్చండి. ఇంకా మంచిదేమిటంటే, నీటిని పైకి తోడి తొట్టిలో తాగించడం. మంద నీటిలోకి దిగితే పెంటికలతో నీరు పాడవుతుంది.

మేతకు కనీసం జానెడు మట్టి కావాలి. చెరువు పూడిక మట్టి దొరికితే అంతకంటే ఏమీ అక్కర లేదు. తొలకరికి ముందు స్టైలో హమాటా అనే మేత మొక్క విత్తనం, అంజన్ గడ్డి విత్తనం కలిపి చల్లండి. స్టైలో పప్పుజాతి మొక్క కావడంతో నేలకు నత్రజని కూడా ఇస్తుంది. సుబాబుల్ గట్టు మీద కొద్దిగా చాలు, అదొక్కటే మేపితే గొర్రెలకు బొచ్చు రాలుతుంది. అన్నిటికంటే కష్టమైనది రెండేళ్లు మందను అటు పోనివ్వకపోవడం. సర్కారు తుమ్మ మొలిస్తే వేళ్లతో పీకేయండి. కాయలు తిన్న గొర్రెలే పెంటికలతో దాన్ని పరుస్తాయి.

నల్లకోటు:
ఖర్చు సంగతి. గనుల తవ్వకం ఆగాక ఆ నేలలో తిరిగి గడ్డి పెంచి, మేతకు పనికివచ్చే స్థితికి తేవాలన్న షరతును లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది; ఖర్చు లీజుదారుదే. మీ గుత్తేదారు అంతకు ముందే వెళ్లిపోయి ఉంటే ఆ దారి కష్టం. గనుల లీజుదారులు కట్టే సొమ్ముతో గనుల ప్రాంతాల కోసం ఏర్పడిన జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధిలో తాగునీరు, పర్యావరణ పనులకు ప్రాధాన్యం ఉంది కనుక గ్రామసభ తీర్మానంతో కలెక్టరుకు దరఖాస్తు పెట్టండి. అయితే అంతకన్నా ముందు అది పట్టా భూమో ప్రభుత్వ భూమో అడంగల్‌లో చూసుకోండి. మీరు బాగుచేశాక ఎవరో పాసుపుస్తకంతో రావచ్చు.

బీడుగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. అడంగల్ చూపించాను, గుంత ప్రభుత్వ భూమిలోనే ఉంది కానీ దిబ్బల్లో ఒక ఎకరం మా పెద్దనాన్న కొడుకు పట్టా. ఆయన మేకలు కాస్తాడు. రెండేళ్లు మేకలను ఆపమని ఆయనను ఒప్పించడం గుంతలోకి దారి వేయడం కంటే కష్టమయ్యేలా ఉంది. గడకర్ర మాత్రం డిసెంబరులో పాతి, కొలతలు ఇక్కడే రాస్తాను.