మప్పెట్ షోలో మాస్కుల పాట ఏ ఎపిసోడ్‌లోది?

సీతమ్మధార అమ్మ:
మా నాన్నగారు ఓడల్లో పనిచేసేవారు. ఎనభైల చివర్లో ఒకసారి వస్తూ వస్తూ ది మప్పెట్ షో అనే ఇంగ్లీషు బొమ్మలాట టీవీ షో వీడియో క్యాసెట్లు తెచ్చారు. మాటలు అర్థం కాకపోయినా నేనూ తమ్ముడూ వాటిని అరిగిపోయేదాకా చూశాం. మన వైజాగ్ తేమకి టేపులు బూజు పట్టాయి, కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఒక షాపులో ఇస్తే మధ్యలో తెగ్గొట్టి ఇచ్చారు, ఆ రోజు నిజంగా ఏడ్చాను. ఒక ఎపిసోడ్ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది: నల్లజాతి గాయకుడు ఒకాయన మొదట అరటిగెలల పాట పాడతాడు, తర్వాత డ్రమ్స్ కొట్టే పిచ్చి బొమ్మతో పోటీ పడతాడు, చివర్లో చుట్టూ పెద్ద పెద్ద మాస్కులు కదులుతుంటే ఇంకో పాట. ఆయన ఎవరు? మా పాప వేసవి సెలవుల్లో సాక్సులతో బొమ్మలు చేసి అపార్ట్‌మెంట్‌లో ఆడిస్తానంటోంది, దానికి చూపించాలి. ఇంకా ఏవైనా మంచి ఎపిసోడ్లుంటే చెప్పండి.

కంచరపాలెం డ్రమ్స్:
అక్కా, ఆయన హ్యారీ బెలఫాంటే. మూడో సీజన్. ఆ డ్రమ్స్ బొమ్మ పేరు యానిమల్. 1976 నుంచి 1981 దాకా ఐదు సీజన్లు, 120 ఎపిసోడ్లు వచ్చాయి, నన్నడిగితే వాటన్నిటిలో ఇదే గొప్పది. మాస్కుల పాటకి బీజం ఆయనకి గినీ దేశంలో ఒక కథలు చెప్పేవాడి దగ్గర దొరికింది. ఆఫ్రికా మాస్కులంటే ఏ జాతి నమ్మకాన్నీ నొప్పించకూడదని ఆయన పట్టుబట్టడంతో బొమ్మలవాళ్లు ఎంతో జాగ్రత్తగా తయారుచేశారు. షో సృష్టికర్త జిమ్ హెన్సన్ 1990లో పోయినప్పుడు న్యూయార్క్ సంస్మరణ సభలో బెలఫాంటే ఆ పాటే పాడారు. అది చూస్తే నాకు గొంతు పూడుకుపోతుంది.

పాపకి నటి రీటా మొరేనో ఎపిసోడ్ కూడా చూపించండి. ఆవిడ మెల్లగా పాడుతుంటే యానిమల్ మధ్యలో దూరి డ్రమ్స్ బాదేస్తుంటాడు, చివరికి ఆవిడ రెండు కంచు తాళాలు (సింబల్స్) తీసుకుని వాడి తలకి అటూ ఇటూ వాయిస్తుంది. ఆ ఎపిసోడ్‌కి ఆవిడకి టీవీ షోలకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. బాలే డాన్సర్ నురెయెవ్ భారీ పంది బొమ్మతో నాట్యం చేసినది రెండో సీజన్‌లో ఉంది. అంత పెద్ద కళాకారుడు ఆ పందిని నిజమైన జోడీలా చూసుకుంటూ ఆడతాడు, బెలఫాంటే తర్వాత గెస్టుల్లో నాకు నచ్చేది అదే.

పెదవాల్తేరు మాస్టారు:
అమ్మా, పాప ఆడిస్తానంటోంది కాబట్టి ఒక మాట. ఆ షోలో బొమ్మలాడించేవాళ్లు కింద నిలబడి చెయ్యి పైకెత్తి ఆడిస్తూ, తమ బొమ్మ ఎలా కనబడుతోందో ఎదురుగా ఉన్న టీవీలో చూసుకునేవారు. కుడిచెయ్యి బొమ్మ తలలో ఉంటుంది, ఎడమచేత్తో సన్నని కడ్డీలు పట్టుకుని బొమ్మ చేతులు కదుపుతారు. పాపకీ ఎదురుగా ఫోన్ కెమెరా పెట్టండి. మాట్లాడించేటప్పుడు పైదవడ ఎగరెయ్యకుండా బొటనవేలు కిందికి దించమనండి, అప్పుడే బొమ్మ చూపు నిలుస్తుంది.

మన తోలుబొమ్మలాట కూడా చూపించండి. రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు కదా, మప్పెట్ షోలో బాల్కనీలో కూర్చుని షోని తిట్టిపోసే ఆ ఇద్దరు ముసలాళ్ల బొమ్మల్ని చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. తెర వెనక చెక్కబల్లలు కాళ్లతో తొక్కి చప్పుడు చేస్తారు, యుద్ధం సీనుకి అది చాలు. పాపకి అది బాగా పనికొస్తుంది.

సీతమ్మధార అమ్మ:
బెలఫాంటే! పేరు చదవగానే తమ్ముడికి ఫోన్ చేశాను, అరటిగెలల పాట అందుకున్నాడు. మాస్టారూ, చెక్కబల్ల సంగతి చెప్పగానే పాప పాత మంచం పలక లాక్కొచ్చి హాల్లో వేసింది. ఇప్పుడు కేతిగాడిని సాక్సుతో చేస్తే పిలక దేనితో పెట్టాలని అడుగుతోంది, కొబ్బరి పీచు నిలుస్తుందా?