పద్యనాటకంలో వన్స్ మోర్ ఉంచాలా, ఆపించాలా?

కమిటీ తరఫున:
అందరికీ నమస్కారం. పండక్కి మా ఊళ్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలోంచి పడక సీను (కృష్ణుడు పడుకుని ఉండగా దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వచ్చేది), రాయబారం సీను (కృష్ణుడు సంధి మాటకి కౌరవసభకి వెళ్లేది) పెట్టిస్తున్నాం. కృష్ణులు ఇద్దరు, సీనుకొకరు. మైకు పర్మిషన్ రాత్రి 12 దాకానే. 9కి తెర తీస్తే చేతిలో ఉండేది మూడు గంటలు. నచ్చిన పద్యం మళ్లీ పాడమని జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే టైము పోతుంది. వన్స్ మోర్‌లు ఉండవని ముందే అనౌన్స్ చేయించాలని కమిటీలో సగం మంది, అలా చేస్తే జనం లేచిపోతారని మిగతా సగం. తెలిసినవాళ్లు చెప్పండి.

వాచికం:
ఆపించాల్సిందే. రాయబారంలో ‘చెల్లియొ చెల్లకో’ పద్యం ఆఖర్న కృష్ణుడు ఏమంటున్నాడు? సంధా యుద్ధమా, ఏర్పడ చెప్పమంటున్నాడు. ఆ మాటకి సభ ఉలిక్కిపడాలి, వెంటనే బదులు రావాలి. అక్కడ వన్స్ మోర్ పడితే అడిగినవాడే వెనక్కెళ్లి మళ్లీ అడుగుతాడు. భీష్ముడూ ద్రోణుడూ కిరీటాలు సర్దుకుంటూ కూర్చోవాలి. దుర్యోధనుడు అప్పటిదాకా పెంచుకుంటూ వచ్చిన కోపం చల్లారిపోతుంది.

లెక్క కూడా చూడండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, మొత్తం 80. మాట తెలిసేలా కాస్త రాగంతో చదివితే నిమిషం చాలు. ఆలాపన పెడితే నాలుగు నిమిషాలు. సీనులో 15 పద్యాలు ఉంచారనుకోండి, గంట అయిపోయింది. అయిదింటికి వన్స్ మోర్ పడితే ఇంకో 20 నిమిషాలు. ఇక వచనం ఎప్పుడు చెప్తారు?

రీడ్లపెట్టె:
సంధి కుదరదని చాప మీద కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసండీ. కథ తెలుసుకుందామని ఎవరూ రారు, పద్యం విందామని వస్తారు. ఈలపాట రఘురామయ్య గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు, పీసపాటి నరసింహమూర్తి గారు ముగ్గురూ కృష్ణుడు వేసినవాళ్లే, ముగ్గురి పద్యం మూడు తీర్లు. ఆ తేడా పట్టుకునే చెవి జనానికి ఉండబట్టే మూడు తీర్లూ నిలిచాయి. వన్స్ మోర్ ఆ చెవి పెట్టే కేక. దాన్ని నోటీసు చదివి ఆపిస్తారా?

కమిటీ వారికి పనికొచ్చే మాట ఒకటి. వన్స్ మోర్‌ని ఆపేది అనౌన్స్‌మెంట్ కాదు, హార్మోనిస్టు చెయ్యి. పద్యం అయ్యాక షడ్జం (‘స’ స్వరం) వదలకుండా పట్టుకుని ఎత్తుగడ (పద్యం మొదలు) సంగతి వాయించాడా, మళ్లీ పాడమన్నట్టే. చెయ్యి తీసేశాడా, శబ్దం తెగుతుంది, పక్క పాత్ర వచనం అందుకోవచ్చు. రిహార్సల్లోనే ఏ పద్యానికి పట్టుకోవాలో, ఏ పద్యానికి తీసెయ్యాలో పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. ‘చెల్లియొ’ దగ్గర తీసేద్దాం, వాచికం గారి మాట కాదనను. పడక సీన్లో ‘బావా యెప్పుడు వచ్చితీవు’కి మాత్రం ఇవ్వండి. అక్కడ పోయేదేం లేదు.

ముందువరస:
అనౌన్స్ మాత్రం చెయ్యకండి. చేస్తే మొదటి పద్యానికే ఈలలు.

వాచికం:
పోయేదేం లేదా? ఈ పద్యం శార్దూల వృత్తం, దానికి యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు) 13వ అక్షరం. పాడేవాళ్లు 12 అక్షరాలు పాడి ‘బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే’ దగ్గర ఆగి, ఆ ‘లే’ని పై షడ్జం దాకా సాగదీస్తారు. తర్వాత ‘భ్రాతల్ సుతుల్ చుట్టముల్’ అని విడిగా ఒక ముక్క. పాదంలో ఉన్నది రెండు పలకరింపులు. ఎప్పుడు వచ్చావు అన్నది ఒకటి. అన్నదమ్ములు, కొడుకులు, చుట్టాలు సుఖమేనా అన్నది రెండోది. ఆగాల్సింది ‘వచ్చితీవు’ తర్వాత. ‘సుఖులే’ని ముందు మాటకి అంటగట్టేసరికి రెండో ప్రశ్నకి తల తెగిపోయింది. వన్స్ మోర్ ఇస్తే ఆ తప్పే రెండుసార్లు వింటాం.

రీడ్లపెట్టె:
యతి స్థానంలో ఆగడం తప్పెలా అవుతుంది మాస్టారూ? ఊపిరి పీల్చుకునే చోటే అది.

వాచికం:
సంస్కృతంలో యతి విరామం. తెలుగులో యతి అక్షరమైత్రి. ‘బా’కి ‘భ్రా’తో మైత్రి కుదిరింది, అక్కడితో దాని పని అయిపోయింది. ఆగమని ఏ లక్షణమూ చెప్పదు. మాట మధ్యలో యతి పడిన పద్యాలు కోకొల్లలు, అక్కడ మాటని రెండు ముక్కలు చేసి పాడతారా?

రీడ్లపెట్టె:
5 శృతిలో తారస్థాయి గాంధారం (పై స్థాయి ‘గ’) ముట్టి వచ్చే గొంతుకి ఎక్కడో ఒకచోట ఊపిరి కావాలి. వ్యాకరణం పుస్తకానికి ఊపిరితిత్తులు లేవు.

ఊరవతల:
ఇద్దరూ యతి దగ్గర ఆగిపోయారు. అడిగింది మూడు గంటల సంగతి.

సౌండు బాక్సు:
పద్యం అర్థం కాకపోవడానికి సగం కారణం మైకులు. హార్మోనియం మైకు గొంతు కంటే పైన ఉంటే ‘వచ్చితీవు’లో ‘చ్చి’, ‘చుట్టముల్’లో ‘ట్ట’ మింగేస్తుంది, అచ్చులు మాత్రమే మిగులుతాయి. ముందు గొంతు పెట్టుకుని, హార్మోనియం కింద నుంచి పెంచుకుంటూ రండి, శృతి వినపడగానే ఆపండి. నటుడు మైకుకి అడుగు దూరంలో నిలబడాలి. రెండడుగులైతే మైకుకి అందేది 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఆపరేటరు వాల్యూం పెంచుతాడు, కుయ్యిమంటుంది. స్పీకర్ బాక్సులు మైకుల కంటే ముందుకి, జనం వైపు తిప్పి ఉండాలి. కాలరు మైకులు వద్దు. హారాలు రాసుకుని బరబరమంటాయి.

నూటపదహార్లు:
టైము తినేది వన్స్ మోర్ అసలే కాదు, చదివింపులు. పద్యం ఇంకా గాల్లో ఉండగానే మైకు లాక్కుని, ఫలానా వారు మన కృష్ణుడి గారికి 116 రూపాయలు అని ఇంటిపేరుతో సహా చదువుతారు. ఒక్కోటి అర నిమిషం. 40 పేర్లకి 20 నిమిషాలు. చీటీలు వింగులో (స్టేజీ పక్క తెర చాటున) తీసుకుని విరామంలో ఒకేసారి చదవండి.

వాచికం:
అసలు సంగతి బయటపడింది. వన్స్ మోర్ ఇస్తే నోట్లు వస్తాయి. అందుకే హార్మోనియం పెట్టె వాయించేవాళ్లకి అంత మక్కువ.

రీడ్లపెట్టె:
ఆ మాట వెనక్కి తీసుకోండి. చదివింపులు పద్యం పాడినవాడికి పడతాయి. కరపత్రంలో ఆఖరి లైన్లో పేరు ఉన్న హార్మోనిస్టుకి కాదు. రాత్రంతా ఒక చెయ్యి గాలి కొట్టే బెల్లో మీద, ఒక చెయ్యి మెట్ల మీద, కన్ను నటుడి పెదాల మీద పెట్టి కూర్చునే పని అది. పాత్రధారి ఎక్కడ పాదం మర్చిపోతాడో ముందు పసిగట్టి స్వరం అందించేది మేం. డబ్బుకి వన్స్ మోర్ అమ్ముకుంటామని అనడానికి మీకు నోరెలా వచ్చింది?

రెండో తెర:
పెద్దలిద్దరూ క్షమించాలి. ఇంతసేపూ మీరు రెండో కృష్ణుడి టైము సంగతి తలవలేదు. పడక ముందు వస్తుంది, జనం తాజాగా ఉంటారు, వన్స్ మోర్‌లన్నీ అక్కడే పడతాయి. గంటలో అవ్వాల్సిన సీను 10:45 దాకా పోతుంది. మేకప్, తెర సర్దడం అయ్యేసరికి 11. రాయబారానికి మిగిలేది గంట. ముందు సభలో మిగతా పాత్రల పద్యాలకి కోత, తర్వాత రెండో కృష్ణుడికి కోత. పూర్వం తెల్లారేదాకా ఆడేవాళ్లు కాబట్టి ఒకరి వన్స్ మోర్ ఇంకొకరి పద్యం మింగేది కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు కుదరదు. పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు. అంతకంటే సాగదు. 12కి మైకు కట్టేస్తే నోరు మూసుకోవాల్సింది రెండో కృష్ణుడే. అతను కూడా నెల రోజులు సాధన చేసి వచ్చాడు.

రీడ్లపెట్టె:
ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే సీనుకి విడివిడిగా టైము కట్టండి. పడకకి 70 నిమిషాలు, విరామం 10, రాయబారానికి 100. వన్స్ మోర్ ఇచ్చుకుంటే ఎవరి టైములోంచి వాళ్లు ఇచ్చుకుంటారు, పక్కవాడి పద్యంలోంచి కాదు.

వాచికం:
డబ్బు మాట అనకుండా ఉండాల్సింది, మన్నించండి. వన్స్ మోర్ మాట మాత్రం మార్చుకోను. ఇది ఇద్దరు నటుల మధ్య పంపకం కాదు. ఎవరి టైములోంచి తీసినా ప్రశ్నకి బదులు ఆలస్యమవుతుంది.

కమిటీ తరఫున:
70, 10, 100 రాసుకున్నాను. చదివింపులు ఆ 10 నిమిషాల్లోనే. అనౌన్స్‌మెంట్ లేదు, పెన్సిల్ గుర్తులు రిహార్సల్లో. ‘చెల్లియొ’కి చెయ్యి తీసేస్తారు. పాడుతున్న మనిషికి టైము అయిందని ఎలా తెలియజేయాలి? గంట కొడితే తెర దించమన్నారనుకుంటారు.

సౌండు బాక్సు:
హార్మోనియం పక్కన జనానికి కనపడకుండా చిన్న ఎర్ర బల్బు పెట్టండి. 10 నిమిషాలు ఉందనగా ఒకసారి, 3 ఉందనగా రెండుసార్లు. స్విచ్ ప్రాంప్టరు (తెర చాటు నుంచి మాట అందించేవాడు) దగ్గర ఉంచండి, కమిటీ వాళ్ల దగ్గర కాదు.