చుట్టుపక్కల స్వైన్ ఫ్లూ వచ్చేశాక ఇప్పుడు టీకా వేయించుకుంటే ఉపయోగం ఉంటుందా?

కూకట్‌పల్లి కోడలు:
మా అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్ల వాళ్లకి స్వైన్ ఫ్లూ పాజిటివ్ వచ్చింది. నాకు ఆరో నెల. అత్తయ్యకి షుగర్, ఆయాసం. మా డాక్టరమ్మ ఇద్దరినీ ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. మా ఆయనేమో "జబ్బు గుమ్మం దాకా వచ్చాక టీకా ఏం చేస్తుంది? కడుపుతో ఉన్నప్పుడు రిస్క్ ఎందుకు?" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నల్గొండ అన్న:
మీ ఆయన మాటలో న్యాయం ఉందమ్మా. టీకా వేసిన రోజే రక్షణ రాదు, సుమారు రెండు వారాలు పడుతుంది. పైగా ఈ వైరస్ రూపం మార్చుకుంటూ పోతుంది. 2014-15 చలికాలంలో అమెరికాలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్‌లో టీకాలో ఉన్న రకం ఒకటి, జనంలో తిరిగింది మరొకటి. ఆ ఏడాది టీకా 20 శాతం కూడా పనిచేయలేదు. బయట వేయించుకుంటే మనిషికి వెయ్యికి పైనే అవుతుంది. ఇంట్లో నలుగురుంటే లెక్క వేసుకోండి. దానికన్నా మాస్కు పెట్టుకోండి, జనంలోకి వెళ్లడం తగ్గించండి.

సికింద్రాబాద్ స్టాఫ్ నర్స్:
అన్నా, రెండు వారాల సంగతి నిజమే. కానీ ఫ్లూ సీజన్ వారంలో వచ్చి వారంలో పోయేది కాదు. మన దగ్గర వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పెరుగుతుంది. ఇవాళ వేయించుకుంటే ఈ పదిహేను రోజులు జాగ్రత్తగా ఉండాలి, ఆ తర్వాత నెలల తరబడి కొంత రక్షణ ఉంటుంది. రకం బాగా కుదిరిన ఏడాదుల్లో 40 నుంచి 60 శాతం పనిచేస్తుంది. నూటికి నూరు కాదు, ఒప్పుకుంటాను. అయితే టీకా వేయించుకున్నాక ఫ్లూ వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. గర్భిణికి, షుగర్ ఉన్న పెద్దావిడకి కావలసింది అదే కదా.

2015 గుర్తుందా? దేశంలో 42 వేలకు పైగా స్వైన్ ఫ్లూ కేసులు, దాదాపు 3 వేల మరణాలు. గాంధీ ఆసుపత్రి పేరు వింటేనే జనం భయపడిన రోజులవి. గర్భంతో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల మీద ఒత్తిడి ఎక్కువ, రోగనిరోధక శక్తిలోనూ మార్పులొస్తాయి. అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ ఈ టీకాను ఆసుపత్రి సిబ్బందితో పాటు గర్భిణులకూ వేయించుకోమంటోంది.

చెల్లెమ్మా, ఇంకో మాట. ఆరు నెలలు నిండని పసిబిడ్డకి ఫ్లూ టీకా వేయరు. ఇప్పుడు మీరు వేయించుకుంటే మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డకి అందుతాయి. పుట్టాక మొదటి నెలల్లో ఆ బిడ్డకి ఉండే రక్షణ అదే. మీ ఆయనకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

వరంగల్ మాస్టారు:
టీకాతోనే జ్వరం వస్తుందని మా వీధిలో అందరూ అంటారు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా వేశాక కొందరికి కాళ్లు చేతులు పడిపోయాయి కదా?

సికింద్రాబాద్ స్టాఫ్ నర్స్:
జరిగింది మాస్టారూ. దాన్ని గిలాన్ బారీ సిండ్రోమ్ అంటారు. అప్పట్లో లక్ష మందిలో ఒకరికి అదనంగా వచ్చిందని లెక్క, ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. ఇప్పటి టీకాల్లో ఆ ప్రమాదం ఉన్నా, పది లక్షల డోసులకి ఒకటి రెండుకి మించదు. ఫ్లూ జ్వరం వల్ల కూడా అదే జబ్బు రావచ్చు. ఇక ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే, అది ఫ్లూ కాదు. ముక్కులో కొట్టే స్ప్రే రకంలో మాత్రం బలహీనపరిచిన వైరస్ ఉంటుంది కాబట్టి గర్భిణులకి ఇవ్వరు.

మియాపూర్ ఫార్మసిస్ట్:
వేయించుకునే ముందు బాక్సు మీద ఏ సీజన్‌దో చూడండి. టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబర్‌లో చూసి చెబుతుంది. పాత సీజన్ స్టాకు అంటగడితే వద్దనండి. జ్వరం, దగ్గు మొదలైతే మాత్రం టీకా గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. డాక్టర్ చీటీ లేకుండా అడగొద్దు, మేమూ ఇవ్వం.

నల్గొండ అన్న:
సరే, గర్భిణులకి, పెద్దవాళ్లకి వేయించండి, దానికి నేను అడ్డు చెప్పను. కానీ పాతికేళ్ల కుర్రాళ్లు కూడా భయంతో ఎగబడితే స్టాకు అయిపోయి, అవసరమున్న వాళ్లకే దొరకదు. ఇంకోటి, ఇది ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. అంత ముఖ్యమైతే బస్తీ దవాఖానాలో ఎందుకు వేయరు? డబ్బున్నవాళ్లకే రక్షణా? నా కోపం టీకా మీద కాదు, దీని మీద.

సికింద్రాబాద్ స్టాఫ్ నర్స్:
ఉచితంగా ఇవ్వాలన్న మాటకి నేనూ మీతోనే అన్నా. కుర్రాళ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. 2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకినప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది 65 ఏళ్ల లోపువాళ్లే.

కూకట్‌పల్లి కోడలు:
అందరికీ థ్యాంక్స్. నేనూ అత్తయ్యా శనివారం వేయించుకుంటున్నాం, డాక్టరమ్మతో మాట్లాడేశాను. మా ఆయనకి ఏ జబ్బూ లేదు, రోజూ మెట్రోలో ఆఫీసుకి వెళ్లొస్తారు. అన్న చెప్పినట్టు స్టాకు వేరేవాళ్లకి వదిలేయాలా?

సికింద్రాబాద్ స్టాఫ్ నర్స్:
ఆయనకీ వేయించండి చెల్లెమ్మా. ఇంట్లోకి ఫ్లూ తెచ్చే అవకాశం మీ ముగ్గురిలో ఆయనకే ఎక్కువ.

నల్గొండ అన్న:
ముందు గర్భిణులకి, ముసలివాళ్లకి అందనివ్వండి. మిగిలితే ఆయనకి. నా మాట అదే.