బెంగళూరు నుంచి మణిపూర్ రోడ్డుకు 14 రోజులా? లెక్క కుదరడం లేదు

ఉల్సూరు మనవడు, రాత్రి 11.40
సాయంత్రం ఆరు గంటల నుంచి దీని ముందే కూర్చున్నాను. తల పగిలిపోతోంది. మా తాతయ్య యుద్ధకాలంలో తన దళంతో బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్‌లో రైలెక్కి మణిపూర్ రోడ్డుకు వెళ్లారు. ఆయన శతజయంతి పుస్తకంలో ఆ ప్రయాణం పటం వేస్తున్నాను. డైరీ ప్రకారం 14 రోజులు పట్టింది. ఇప్పుడు గువాహటికి మూడు రోజుల్లోపే చేరుతున్నాం. ఆనాటి రైళ్లు నిదానమే అనుకున్నా ఏడెనిమిది రోజులకు మించి రావడం లేదు. మిగిలిన రోజులు ఎక్కడ పోయాయి? రేపు మధ్యాహ్నానికి చామరాజపేటలో ప్రెస్సువాళ్లకు ఇవ్వాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జాలహళ్లి, రాత్రి 11.52
ఏ సంవత్సరం? ఎంతమంది? వెంట ఏమేమి ఉన్నాయి? డైరీలో ఏ ఊళ్ల పేర్లున్నాయి? అవి పెట్టండి.

భాషాభిమాని, రాత్రి 12.10
ఒక చిన్న మనవి. 'దళం' అని రాయకండి. ఆ తరం వారు వాడిన మాట 'పటాలం'. ఇంగ్లీషు బెటాలియనే మన నోళ్లలో నలిగి పటాలం అయింది. మా ఊళ్లో సైన్యంలో చేరినవాడిని 'పటాలంలోకి పోయాడు' అనేవారు. పుస్తకం తాతగారి గురించి అయినప్పుడు ఆయన మాటే ఉండాలి.

మాజీ సుబేదారు, ఉదయం 5.25
పటాలం అందమైన మాటే, కాదనను. కానీ అన్ని యూనిట్లూ బెటాలియన్లు కావు. రవాణా విభాగమైతే కంపెనీ అంటారు. తాతగారు ఏ విభాగంలో ఉన్నారో తెలియకుండా పేరు పెట్టకూడదు.

అసలు సంగతికి వస్తే, మనుషులను రైలెక్కించడం సులువు. బరువంతా సామానులో ఉంటుంది. ఎన్ని బోగీలు, ఎన్ని మూసిన వ్యాగన్లు, ఎన్ని తెరిచిన వ్యాగన్లు కావాలో ముందే లెక్క కట్టి రైల్వేకు ఇవ్వాలి. అడిగినవి అడిగిన రోజున ఎప్పుడూ రావు. వచ్చినా వంటపాత్రలు ముందు వ్యాగన్‌లోనూ బియ్యం చివరి వ్యాగన్‌లోనూ ఎక్కితే దారిలో అందరూ పస్తే. ఏది చివర ఎక్కాలో, ఏది ముందు దిగాలో రాసిపెట్టుకున్న మనిషే ఆ రైలుకు ప్రాణం.

ఉల్సూరు మనవడు, ఉదయం 7.05
క్షమించాలి, ఇవన్నీ అవసరమని తోచలేదు. 1943 నవంబరు. తాతయ్యది కంచరగాడిదల కంపెనీ. డైరీలో ఉన్నది ఇంతే: 'వాల్తేరు నాలుగో రోజు. పార్వతీపురంలో బండ్లు మారాం, రెండు రోజులు. ఆమీన్‌గావ్‌లో ఇసుక మీద రెండు రాత్రులు. 14వ రోజు మణిపూర్ రోడ్డులో దిగాం.' అందుకే పటంలో విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వైపు గీత గీశాను. అక్కడి నుంచి ఏ దారిన తూర్పుకు తిప్పినా కుదరడం లేదు.

జాలహళ్లి, ఉదయం 7.11
అది మన పార్వతీపురం కాదు. బెంగాల్‌లోని పార్బతీపూర్. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. మణిపూర్ రోడ్డు కూడా రోడ్డు కాదు, స్టేషన్ పేరు. ఇప్పటి నాగాలాండ్‌లోని దీమాపూర్‌ది.

విశ్రాంత గార్డు, ఉదయం 8.30
జాలహళ్లివారు సరిగ్గా పట్టుకున్నారు. మీరు ఈనాటి పటం ముందు పెట్టుకుని ఆనాటి రైలు నడుపుతున్నారు. గంగ మీద ఫరక్కా వంతెన 1970లలో వచ్చింది, బ్రహ్మపుత్ర మీద సరాయిఘాట్ వంతెన 1962లో. 1943లో ఆ రెండూ లేవు.

బెంగళూరు నుంచి మద్రాసు, బెజవాడ, వాల్తేరు మీదుగా కలకత్తా దాకా బ్రాడ్ గేజ్, అంటే వెడల్పు పట్టాలు. వాల్తేరులో ఒక రైల్వే కంపెనీ సరిహద్దు ముగిసి బెంగాల్ నాగపూర్ రైల్వే మొదలయ్యేది. గోదావరి మీద అప్పుడున్నది 1900 నాటి హేవలాక్ వంతెన ఒక్కటే, దాని మీద ఒంటి లైను. టైంటేబుల్‌లో లేని ప్రత్యేక రైలుకు దారి ఖాళీ అయినప్పుడే జెండా ఊపుతారు. నాలుగు రోజులు అక్కడికే పోవడంలో వింత లేదు.

కలకత్తా నుంచి ఉత్తరంగా పార్బతీపూర్ వరకూ బ్రాడ్ గేజే. అక్కడ పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్ల నుంచి ఒక మీటరుకు తగ్గుతుంది. ప్రతి మూటా, ప్రతి జీనూ, ప్రతి జంతువూ దిగి చిన్న వ్యాగన్లలోకి ఎక్కాలి. ఒక పెద్ద బండి సరంజామా ఒక చిన్న బండిలో పట్టదు. రెండోది వచ్చేదాకా సగం కంపెనీ ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. మీ రెండు రోజులు అవే.

తరవాత ఆమీన్‌గావ్. అవతలి ఒడ్డున పాండు. మధ్యలో బ్రహ్మపుత్ర. వ్యాగన్లను విడదీసి కొన్ని కొన్నిగా బల్లకట్టు పడవల మీదికి నెట్టి దాటించి, అవతల మళ్లీ కూర్చాలి. ఆ మీటర్ గేజ్ లైను ప్రధానంగా తేయాకు రవాణాతో బతికినది. యుద్ధం దాని నెత్తిన పడింది. 1944 మార్చిలో అందులో పెద్ద భాగాన్ని అమెరికన్ సైనిక రైల్వే దళాలు నడపడం మొదలుపెట్టాయి. మీ తాతగారు అంతకుముందే వెళ్లారు.

కోరమంగళ, ఉదయం 9.02
గంగ కూడా పడవలోనే దాటి ఉంటారు కదా? ఒక రోజు దానికీ వేసుకోండి.

విశ్రాంత గార్డు, ఉదయం 9.20
లేదు. తూర్పు బెంగాల్‌లో గంగను పద్మ అంటారు, దాని మీద హార్డింజ్ వంతెన 1915లోనే వచ్చింది. ఆ దారిలో అడ్డుపడిన నది బ్రహ్మపుత్ర ఒక్కటే.

మాజీ సుబేదారు, ఉదయం 9.45
కంచరగాడిదలని ముందే చెప్పి ఉంటే రాత్రే తేలిపోయేది. నేను వాటితో పదకొండేళ్లు పనిచేశాను. వాటిని గంటల తరబడి వ్యాగన్‌లో నిలబెట్టి ఉంచలేం. దింపి నీళ్లు పట్టాలి, నడిపించాలి, డెక్కలు చూడాలి. ఎక్కించేటప్పుడు వాలుబల్ల మీద గడ్డి పరుస్తాం, డెక్క చప్పుడుకు బెదరకుండా. నెమ్మదైన దాన్ని ముందు ఎక్కిస్తే మిగిలినవి వెంట వస్తాయి. ఒకటి మొండికేస్తే కాళ్లు నాలుగూ కర్రల్లా బిగుస్తాయి, ఆరుగురు తోసినా కదలదు. చీకట్లో, వానలో ఆ పని చేసినవాడికి 14 రోజులు ఎక్కువనిపించవు.

భాషాభిమాని, ఉదయం 10.15
సుబేదారు గారు, కంపెనీ అన్నది నిజమే కావచ్చు. అయినా జనం నోట అన్నీ పటాలాలే. శీర్షికలో ఆ మాట ఉంచితే తప్పేముంది?

మాజీ సుబేదారు, ఉదయం 10.22
శీర్షికలో ఉంచుకోండి. పటం కింద మాత్రం కంపెనీ అనే రాయాలి. రేపు ఎవరైనా సైనిక రికార్డుల్లో వెతికితే ఆ పేరుతోనే దొరుకుతుంది.

ఉల్సూరు మనవడు, మధ్యాహ్నం 12.40
రాయ్‌పూర్ గీత చెరిపేశాను. పార్బతీపూర్, ఆమీన్‌గావ్, పాండు పెట్టాను. రైలు గీత దీమాపూర్‌లో ఆపి, అక్కడి నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కు రోడ్డు చుక్కలుగా వేశాను. ప్రెస్సునుంచి ఫోను వస్తోంది. అందరికీ ధన్యవాదాలు.

మాజీ సుబేదారు, మధ్యాహ్నం 1.05
డైరీలో జంతువుల పేర్లు గానీ నంబర్లు గానీ రాశారా? మేము ప్రతిదానికీ పేరు పెట్టుకునేవాళ్లం. ఉంటే ఇక్కడ పెట్టండి.