హేత్వాభాసం అంటే సరిపోతుందా?

ఒక అనువాదం సరిచూస్తున్నాను. లాజికల్ ఫాలసీకి, కాగ్నిటివ్ బయాస్‌కి రెండింటికీ ‘హేత్వాభాసం’ అనే రాశారు. అలా వదిలేయవచ్చా మాస్టారూ?

— వదలకండి. హేతువులా కనిపిస్తూ హేతువు కానిది హేత్వాభాసం. అంటే ముందు ఎవరో ఒకరు వాదన చేసి, దానికి కారణం చూపించి ఉండాలి. అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర గ్రంథం ‘తర్కసంగ్రహం’లో ఉదాహరణ చూడండి: ఆకాశంలో పూసిన తామర పరిమళిస్తుంది, ఎందుకంటే అదీ తామరే, చెరువులో తామర లాగే. వాక్యం చక్కగా నడిచింది. కానీ ఆకాశంలో తామరే లేదు! ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించవచ్చు. అన్నవాడి మనసులో ఏముందో మనకు అనవసరం.

బయాస్ అంటే మనకు తెలియకుండానే మన అంచనా ఒకవైపు ఒరిగిపోవడం. అది అలా దొరకదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ 1974లో రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెల చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. 10 పడినవాళ్ల అంచనాల మధ్యస్థం (వరుసగా పేరిస్తే నడిమిది) 25, 65 పడినవాళ్లది 45. పడిన అంకె అంచనాను తనవైపు లాగిందన్నమాట. ‘చక్రం 65 చూపింది కాబట్టి’ అని వాదించే మనిషి ఎవరుంటారు? వాదనే లేనిచోట హేత్వాభాసం ఎక్కడిది? చీర మీద 6,000 కొట్టేసి 2,400 అని రాస్తే, ఇదంతా చదివిన నాకు కూడా చవగ్గానే అనిపిస్తుంది.

మరి ‘పక్షపాతం’ అని రాయనా?

— నాకు నచ్చదు. ఆ మాట వినగానే ఒక జట్టు వైపు చేరిపోయిన అంపైర్ గుర్తొస్తాడు. చక్రం చూసినవాళ్లు ఎవరి పక్షమూ కాదు. ‘మొగ్గు’ అంటే చాలు. తక్కెడ మొగ్గినట్టు. మరీ పొట్టిగా ఉందనుకుంటే ‘ఆలోచనలో మొగ్గు’ అనండి.

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడటం ఏ కోవలోకి వస్తుంది? కాకతాళీయం?

— మొదటిది మొగ్గే. అతను వాదించట్లేదు, పాపం, అలా కనబడుతోంది. కాకతాళీయం రెండూ కాదు. కాకి వాలింది, అప్పుడే తాటిపండు రాలింది, అంతే. ‘కాకి వాలింది కాబట్టే రాలింది’ అని ఎవరైనా అంటే అప్పుడు హేత్వాభాసం. నాకు తేలనిది ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’. నిజంగానే మూడే కనబడ్డాయంటే మొగ్గు అనుకోవచ్చు. నాలుగోది చూపించాక కూడా మూడే అంటుంటే మాత్రం దాన్ని మొండితనం అనే రాసేయండి.