చర్చ: గోదావరిలో పాత జీపీఎస్ ట్రాక్ నమ్ముకుని పడవ నడపొచ్చా?

హన్మకొండ_ట్రిప్స్: కాళేశ్వరం సంగమం నుంచి ఎగువకు, అన్నారం వైపు వెళ్లిన ట్రాక్ నా దగ్గర ఉంది. 2022లో రికార్డు చేసింది. దాన్ని పడవకు దారి చూపే మెరైన్ నావిగేటర్‌లో రూటుగా మార్చి, ప్రతి వేపాయింటుకూ (దారిలో గుర్తు పెట్టిన చోటుకూ) 50 మీటర్ల దూరంలో అలారం మోగేలా పెట్టాను. మావాళ్లను తీసుకుని వెళ్లాలని ఉంది. ఇది సరిపోతుందా?

మహదేవపూర్_బిడ్డ: తమ్మీ, అప్పుడు మేడిగడ్డ బరాజ్‌లో నీళ్లు నిలిపేవాళ్లు. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగినంక గేట్లెత్తి ఖాళీ చేశారు. అప్పుడు నువ్వు తేలుకుంటూ పోయిన చోట ఎండాకాలం ఇసుక మేటలు బయటపడతాయి. నీ ట్రాక్ పడవ ఎటు పోయిందో చెబుతుంది, కింద ఎంత లోతుందో చెప్పదు.

మ్యాపుల_మాస్టారు: 50 మీటర్లు ఎక్కువ. నీళ్లు తగ్గితే పాయ వెడల్పే అంత ఉండని చోట్లుంటాయి. అలారం మోగగానే పాయింటు చేరినట్టు లెక్కేసి, మలుపుకు ఇంకా చేరకముందే మిషన్ తర్వాతి పాయింటుకు తిప్పుతుంది. రెండు పాయింట్ల మధ్య అది గీసేది తిన్నని గీత, నది వంపు దానికి తెలియదు. మూల కోసుకుంటూ మేట మీదికి ఎక్కుతావు. మలుపుల్లో పాయింట్లు దగ్గర దగ్గరగా పెట్టి, అలారం 10కి తగ్గించు. గీత నుంచి పక్కకు జరిగితే మోగే అలారం వేరే ఉంటుంది, అదీ ఆన్ చేయి.

హన్మకొండ_ట్రిప్స్: 10 పెడితే ప్రవాహానికి పడవ కాస్త పక్కనుంచి పోయినా పాయింటు చేరినట్టు లెక్క వేయదు సార్. జీపీఎస్‌లోనే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. 50 ఉండాల్సిందే.

మ్యాపుల_మాస్టారు: 10. పక్కనుంచి పోతే తర్వాతి పాయింటుకు చేత్తో మార్చుకోవచ్చు.

లక్నవరం_రాజు: లైఫ్ జాకెట్లు ఉన్నాయా అన్నా?

మహదేవపూర్_బిడ్డ: లోతు సంగతి అడిగితే అలారం మీద కొట్లాడతారేంది? ముందు కూర్చుని గెడ వేసి చూసే మనిషిని పెట్టుకో.

హన్మకొండ_ట్రిప్స్: పోయినసారి పెట్టుకున్నా. ఒక రేటు మాట్లాడి, నది మధ్యలో ఇంకో రేటు అడిగారు. ఆడవాళ్లు, పిల్లలు పడవలో ఉన్నారు, ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. అందుకే మిషన్ కొన్నా. సోనార్ కూడా ఉంది.

మహదేవపూర్_బిడ్డ: సోనార్ పడవ కింద లోతు చూపిస్తుంది. ముందున్న మేట చూపించదు. సరే, ఒకటి అడుగుతా. 2022లో ఆ ట్రాక్ తీసినప్పుడు పడవ నడిపిందెవరు?

హన్మకొండ_ట్రిప్స్: అక్కడి పెద్దాయనే. పైసలిచ్చాం కదా.

మహదేవపూర్_బిడ్డ: ఇచ్చింది ఆ రోజు కిరాయి. మా నాయన పడవలోనూ ఇట్లనే ఒకాయన దారంతా రికార్డు చేసుకున్నాడు. మరుసటేడు సొంత పడవ దింపి, అదే దారిలో టూరిస్టులను తిప్పాడు. మా నాయనను మళ్లీ పిలవలేదు. ఏ మడుగు దాటాలి, ఏ పాయ పట్టాలి అన్నది ఆయన చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది.

హన్మకొండ_ట్రిప్స్: నది ఎవరి సొత్తూ కాదు.

మహదేవపూర్_బిడ్డ: నది కాదు. తెలివి ఎవరిది?

కడిపికొండ_వాసి: 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మా ఊరివాళ్లున్నారు. గోదావరికి వరద ఉండగానే ఆ పడవ బయల్దేరింది. మిషన్ ఉన్నా, తెలిసిన మనిషి ఉన్నా, వరదలో వెళ్లకండి. ముందు అది ఒప్పుకోండి.

హన్మకొండ_ట్రిప్స్: వరదలో వెళ్లను, మాటిస్తున్నా. కిరాయి ముందే కాగితం మీద రాసుకుందామంటే మనిషినీ ఎక్కించుకుంటా.

మహదేవపూర్_బిడ్డ: రాసుకుందాం. కొత్త ట్రాక్ ఎవరికీ ఇవ్వనని కూడా ఆ కాగితంలోనే రాయి.

హన్మకొండ_ట్రిప్స్: అది మాత్రం రాయను.