తరగతి పరిశీలనను ఉపాధ్యాయులు తనిఖీగా భావించకుండా ఏం చేయాలి?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా ప్రతి మంగళవారం మూడో పీరియడ్‌లో ఒక సహోపాధ్యాయుని తరగతిలో వెనుక బెంచీపై కూర్చుని బోధనను పరిశీలిస్తున్నాను. నేను వెళ్లిన రోజున కొత్త పాఠం ఆపి, పిల్లలకు కంఠతా వచ్చిన పాత పాఠమే మళ్లీ చెబుతున్నారు. ముందురోజే సమాచారమిచ్చాను, రిజిస్టరులో రాయడం మానేశాను, నా గణితం తరగతికి వారినీ ఆహ్వానించాను, మార్పు రాలేదు. ప్రధానోపాధ్యాయుడు బోధనకు ఎలా నాయకత్వం వహిస్తున్నారో కొలవడానికి విద్యా పరిశోధకుడు ఫిలిప్ హాలింజర్ 1980లలో రూపొందించిన 50 అంశాల ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, నేనొకటి నింపి, పేర్లు రాయనవసరం లేకుండా వారిచేతా నింపిస్తే, బోధన పర్యవేక్షణ అంశాల్లో నేను ‘దాదాపు ఎల్లప్పుడూ’ అని గుర్తించిన చోట ఎక్కువమంది ‘అరుదుగా’ అని గుర్తించారు. నన్ను అన్నిటికంటే బాధిస్తున్నది ఈ అంతరమే. సెలవుల మంజూరు కూడా నా చేతిలోనే ఉన్నప్పుడు వారి జంకు సహజమే. పరిశీలన తర్వాతి చర్చను ఎలా నిర్వహిస్తే మీ పాఠశాలలో ఉపాధ్యాయులు దానిని తమకు పనికొచ్చే సహాయంగా స్వీకరించారో, అనుభవమున్నవారు తెలియజేయగలరా?